బందరు రేవు ఏం కలిపింది?

మొదటివారు: పదిహేడో శతాబ్దపు బందరును మనం సరిగా తలుచుకోవడం లేదండి. ఉప్పెన, లడ్డు, కలంకారీ దుప్పటి, అక్కడితో ఆగిపోతాం. 1620లలో ఆ రేవుకు ఆచే నుంచి మిరియాలు వచ్చేవి, పెగూ నుంచి కెంపులు వచ్చేవి, తెనాసరిం వైపు నుంచి తగరమూ ఏనుగులూ వచ్చేవి. లవంగాలు, జాజికాయ డచ్చివాళ్ల ఓడల్లో దిగేవి. ఇక్కడి నుంచి గుడ్డ వెళ్లేది. గోల్కొండ సుల్తాను ఓడలు మక్కా యాత్రికులతో, సరుకుతో ఎర్ర సముద్రం దాకా నడిచేవి. నరసాపురంలో మన వడ్రంగులు కట్టిన ఓడలను ఐరోపా వర్తకులే కొనుక్కున్నారు. పర్షియన్లు, ఆర్మీనియన్లు, డచ్చివాళ్లు, ఇంగ్లీషువాళ్లు, డేన్లు, మన కోమట్లు, బలిజలు ఒకే ఊళ్లో పక్కపక్కన వ్యాపారం చేశారు. ప్రపంచాన్ని కలిపిన ఘనత వాస్కో డ గామాకో కొలంబస్‌కో కట్టబెట్టడం మనకు అలవాటైపోయింది. నిజానికి కలిపినవి ఇలాంటి రేవులు. ఆ పనిలో ఈ తీరం ప్రేక్షకురాలు కాదు, భాగస్వామి.

రెండవవారు: రేవు గొప్పదనం మీద నాకు పేచీ లేదు. కలిపింది అంటున్నారు చూడండి, దాని మీదే పేచీ. వెండి గుడ్డతో కలిసింది, గుడ్డ జాజికాయతో కలిసింది. సరుకు సరుకుతో కలిసింది, నిజమే. మనుషుల సంగతి వేరు. ఒక ఒడ్డున బేరం కుదిరినప్పుడు ఇంకో ఒడ్డున ఏం జరిగిందో చూడకుండా రెండు ఒడ్డులూ కలిశాయి అనడం నాకు సబబుగా తోచదు. రేవు నుంచి చూస్తే సముద్రం ఎప్పుడూ అందంగానే ఉంటుంది. ఓడ అడుగు అరలో కూర్చున్నవాడి వైపు నుంచి కూడా ఒకసారి చూడాలి కదా.

మొదటివారు: చూద్దాం. ముందు ఆ గుడ్డను చూడనివ్వండి, ఎందుకంటే దాన్ని 'సరుకు' అని తీసిపారేస్తే అందులో ఉన్న మనుషులు మాయమైపోతారు. దక్కను లోపలి నుంచి లంబాడీలు ఎద్దుల మీద పత్తి మోసుకొచ్చేవారు. కృష్ణా గోదావరి ఊళ్లలో ఆడవాళ్లు వడికేవారు. సాలెలు, దేవాంగులు నేసేవారు. చాకళ్లు చలువ చేసేవారు. ఆ తర్వాత అద్దకపువాళ్ల పని. కరక్కాయ రసంలోనూ గేదెపాలలోనూ గుడ్డను తడిపి ఆరబెట్టాలి. ఎరుపు కావలసిన చోట పటిక నీళ్లతో గీసి, చిరివేరు కషాయంలో ఉడికించాలి. పటిక తగిలిన చోటే ఎరుపు నిలుస్తుంది, మిగతా చోట్ల ఉతుకుల్లో పోతుంది. నీలం వద్దనుకున్న చోటల్లా మైనం పూసి నీలిమందు తొట్టిలో ముంచాలి. ప్రతి దశకూ మళ్లీ పారే నీళ్లు, మళ్లీ ఎండ. వారాల తరబడి సాగే పని ఇది. నిజాంపట్నం వైపు ఇసుక నేలల చిరివేరుకు ఉన్నంత పేరు ఇంకెక్కడి వేరుకూ లేదు. నూలు మీద ఉతికినా పోని రంగు వేయడం ఆనాడు ఐరోపాలో ఎవరికీ చేతకాదు.

ఇంకోటి. ఆ అద్దకపువాడు ఒకే పువ్వు అందరికీ వేసి పంపలేదు. పర్షియాకు ఒక తీరు, జావాకు ఇంకో తీరు అంచు, జపానుకు చిన్న చిన్న పువ్వులు, ఐరోపాకు తెల్ల నేల మీద కొమ్మలు చాచిన చెట్టు. సయాం రాజాస్థానమైతే తన నమూనాలు పంపించి ఇక్కడ అద్దించుకునేది. ఎవరి కంటికి ఏది నచ్చుతుందో పెడన పక్క పల్లెలో కూర్చున్నవాడు ఆలోచించాడంటే అది మనుషులు కలవడం కాకపోతే మరేమిటి? ఐరోపావాళ్ల దగ్గర వీళ్లకు అమ్మగల సరుకు దాదాపు ఏమీ లేదు. తూర్పు దీవులవాళ్లు వాళ్ల ఉన్ని బట్టలు ముట్టుకోలేదు. లవంగం కావాలంటే కోరమాండల్ గుడ్డ తేవలసిందే. 1612లోనే హెండ్రిక్ బ్రౌవర్ అనే డచ్చి అధికారి ఈ తీరం మొలుక్కా దీవులకు ఎడమ చెయ్యి లాంటిదని, ఈ గుడ్డ లేకపోతే అక్కడి వ్యాపారం చచ్చినట్టేనని తేల్చి చెప్పాడు. ప్రపంచంలోకెల్లా పెద్ద వర్తక కంపెనీ మన మగ్గం మీద ఆధారపడింది. ఆ మాట గర్వంగా చెప్పుకోవడానికి నేను సంకోచించను.

రెండవవారు: ఆ మాటే నా వాదనకు మొదటి సాక్ష్యం. ఎడమ చెయ్యి మనది. కుడి చేత్తో ఏం చేశారో చూడండి. జాజికాయ ఆనాడు ప్రపంచం మొత్తంలో బండా దీవుల్లోనే పండేది. అక్కడివాళ్లు తమకు నచ్చినవాళ్లకు అమ్ముకునేవారు, జావావాళ్లకు, మలయా వర్తకులకు, ఇంగ్లీషువాళ్లకు. మాకు తప్ప ఇంకెవరికీ అమ్మకూడదని డచ్చి కంపెనీ పట్టుబట్టింది. 1621లో ఆ కంపెనీ గవర్నర్ జనరల్ యాన్ పీటర్జోన్ కూన్ ఓడల దండుతో దిగాడు. 44 మంది ఊరి పెద్దలను జపాను కిరాయి కత్తివాళ్ల చేత నరికించాడు. జనం కొండల్లోకి పారిపోయి ఆకలితో పోయారు, పట్టుబడ్డవాళ్లను బటావియాకు, అంటే ఇప్పటి జకార్తాకు, బానిసలుగా పంపారు. సుమారు 15,000 మంది ఉన్న దీవుల్లో మిగిలినవాళ్లు వెయ్యి మంది దాకా ఉంటారని అంచనా. ఆ తర్వాత తోటలను కంపెనీ తన మనుషులకు పంచి, బానిసలతో సాగు చేయించింది. మీరు వర్ణించిన చిరివేరు ఎరుపు ఎంత అందమైనదో నాకూ తెలుసు. ఆ గుడ్డ ఎవరి చేతిలో కొనుగోలు శక్తి అయిందో అది కూడా ఆ గుడ్డ చరిత్రే.

మొదటివారు: బండాను నేను తక్కువ చేయను, ఎవరూ చేయకూడదు. కానీ ఆ నేరాన్ని వ్యాపారం ఖాతాలో రాస్తే అసలు దోషి తప్పించుకుపోతాడు. కూన్ రాకముందు తరతరాలుగా బండాకు గుడ్డ చేరుతూనే ఉంది. గుజరాతు గుడ్డ, మన గుడ్డ, మలక్కా మీదుగా, జావా మీదుగా. అప్పుడెవరూ జాజికాయ కోసం ఊళ్లు తగలబెట్టలేదు. కొనేవాళ్లు పదిమంది ఉన్నంతకాలం బండావాడు బతికాడు. కొనేవాడు నేనొక్కడినే ఉండాలి అని ఒకడు ఫిరంగి తెచ్చినప్పుడు చచ్చాడు. అంటే కూన్ చేసింది వ్యాపారం కాదు, వ్యాపారాన్ని చంపడం. అంతకు ముందు పోర్చుగీసువాళ్లు చేసిందీ అదే. మా చీటీ లేని ఓడ మా ఇష్టమొచ్చినట్టు పట్టుకుంటాం అన్నారు. సముద్రం మీద ఆ తీరున సుంకం అడగడం అంతకు ముందు ఇక్కడ అలవాటు కాదు. నేను సమర్థిస్తున్నది ఆ తెరిచి ఉన్న సముద్రాన్ని.

రెండవవారు: తెరిచి ఉన్న సముద్రం, మూసుకున్న సముద్రం అని మీరు గీసిన గీత బాగుంది. ఆ గీతకు ఇవతల మన తీరం ఎక్కడ నిలబడింది? 1621 తర్వాత డచ్చివాళ్లకు గుడ్డ అమ్మడం ఆగిందా? ఆగలేదు, పెరిగింది. పులికాటులో 1613 నాటికే వాళ్లకు కోట ఉంది. మలయ, చిన్నన్న అనే తెలుగు వర్తకులు ఆ కోటకు గుడ్డ సమకూర్చారు, తామూ ఓడలు నడిపారు, ఊళ్లకు ఊళ్లు శిస్తు ఇజారాకు పాడుకున్నారు. పెట్టుబడి పెట్టేవాడికి కూన్ అయినా ఒకటే, పెగూ రాజైనా ఒకటే.

సరే, వర్తకుణ్ణి వదిలేద్దాం. 1620ల తొలినాళ్లలోనే కంపెనీ ఓడలు ఇక్కడి నుంచి మనుషులను కూడా ఎక్కించుకోవడం మొదలుపెట్టాయి. బటావియా కట్టడానికి, అంబోయినాకు, జనం లేకుండా చేసిన ఆ బండాకు. వానలు మంచిగా ఉన్న ఏడాది దొరికేవాళ్లు తక్కువ. కరువు వస్తే వేల మంది దొరికేవారు. తల్లిదండ్రులు పిల్లలను అమ్మారు, అప్పులవాళ్లు తమను తాము అమ్ముకున్నారు. గుడ్డ మూటలు వెళ్లిన రేవు నుంచే, ఆ మూటలు మోసిన ఓడలున్న కంపెనీయే వాళ్లనూ తీసుకెళ్లింది.

మొదటివారు: ఇది కాదనలేని నిజం. కానీ కరువును, బానిసత్వాన్ని సముద్రం తెచ్చిపెట్టలేదు. గోల్కొండ రాజ్యంలో పరగణాలను ఏటా వేలం పాడి ఇచ్చేవారు. పాడుకున్నవాడికి మరుసటేడు ఆ పరగణా ఉంటుందో ఊడుతుందో తెలియదు, అందుకని ఒక్క ఏడాదిలోనే రైతు దగ్గర పిండుకోగలిగినంతా పిండుకునేవాడు. బందరులో ఇంగ్లీషు కొఠీలో పనిచేసిన విలియం మెథ్‌వోల్డ్ ఈ పద్ధతిని కళ్లారా చూసి రాశాడు. 1630ల మొదట్లో పడిన కరువులో నేతగాళ్లు, చాకళ్లు ఎక్కువమంది పోయారని కంపెనీ ఉత్తరాలు చెబుతున్నాయి. ఆ చావుకు ఓడ కారణం కాదు. వానలు, గాదెలు, శిస్తు కారణం. మనిషిని అమ్మడం కొనడం ఈ నేల మీద అంతకు ముందే ఉంది. ఆకలితో బిడ్డను అమ్ముకున్న తల్లి ఊళ్లోనూ అమ్ముకుంది, రేవులోనూ అమ్ముకుంది.

రెండవవారు: ఊళ్లో అమ్ముకోవడానికీ రేవులో అమ్ముకోవడానికీ తేడా లేదంటారా? ఊళ్లో కామందుకు అమ్మిన పిల్లవాడు మూడు కోసుల దూరంలో ఉంటాడు. వానలు పడ్డాక, చేతిలో నాలుగు డబ్బులు ఆడాక, విడిపించుకోవచ్చు. అందరూ విడిపించుకున్నారని నేననను. కానీ దారి ఉంది. వాడి భాష వాడికి ఉంది, దేవుడు ఉన్నాడు, వాడు ఫలానావాళ్ల అబ్బాయి అని చెప్పేవాళ్లు ఉన్నారు. ఓడ ఎక్కాక ఇవేవీ ఉండవు. కరువు రెండేళ్లకు తీరిపోతుంది, ఓడ చేసింది తీరదు. తాత్కాలికమైన కష్టాన్ని శాశ్వతం చేయడం, దూరాన్ని ఆయుధంగా వాడడం, ఇది కొత్త. ఇది సముద్ర వ్యాపారం తెచ్చిందే.

ఒక మనిషి పేరు చెబుతాను. పేరు అంటే కంపెనీ రాసుకున్న పేరు, కత్రెయిన్ వాన్ పాలియకట్టా. పులికాటు కత్రెయిన్ అన్నమాట. పులికాటులో పుట్టి, బటావియాలో బానిసగా బతికిన స్త్రీ. తన మీద చెయ్యి చేసుకున్న మనిషిని చంపిందని 1656లో ఆమెకు మరణశిక్ష వేశారు. తర్వాత దాన్ని యావజ్జీవ ప్రవాసంగా మార్చి, 1657లో ఆఫ్రికా దక్షిణపు కొసకు, కేప్‌కు పంపారు. అక్కడ గొప్ప పేరున్న స్నైమన్ వంశం ఆమె కొడుకుతో మొదలైంది. పులికాటు, బటావియా, కేప్. దూరతీరాలను కలపడం అంటే ఇంతకంటే ఇంకేం కావాలి? మూడు తీరాలూ ఒక ఆడమనిషి శరీరంలో కలిశాయి. తల్లి పెట్టిన పేరు మాత్రం ఏ కాగితంలోనూ లేదు.

మొదటివారు: ఆమె సంగతి విన్నాక వెంటనే మారు చెప్పడం మర్యాద కాదు. దూరం కూడా ఒక ఆయుధమని మీరన్నది ఒప్పుకుంటున్నాను. నేను అలా ఆలోచించలేదు.

అయినా ఒకటి అడుగుతాను. కత్రెయిన్ చరిత్ర రాస్తే అది నిజం. అది మాత్రమే రాస్తే బందరు నేతగాడి చరిత్ర పోతుంది, అదీ నిజమే. ఆ నేతగాడు ఎలాంటివాడో కంపెనీ ఉత్తరాలే చెబుతాయి, వాటి నిండా ఫిర్యాదులే. బయానా మా దగ్గర తీసుకున్నాడు, గుడ్డ డచ్చివాళ్లకు అమ్ముకున్నాడు. ధర చాలదని బయానా తిరిగి ఇచ్చేశాడు. ఊరు ఊరంతా మగ్గాలు ఆపి పక్క రాజ్యానికి వెళ్లిపోతామన్నారు. కొనేవాళ్లు నలుగురు తలుపు దగ్గర నిలబడితే నేసేవాడికి వచ్చే ధైర్యం అది. ఇంగ్లీషువాళ్లు 1611లో బందరులో దిగారు. స్థానిక అధికారులతో పడలేక 1628లో ఆర్మగాం, అంటే ఇప్పటి దుగరాజపట్నం వైపు వెళ్లిపోయారు. రెండేళ్లకు మళ్లీ వచ్చారు, ఎందుకంటే అంత గుడ్డ అక్కడ లేదు. ఏటా 500 వరహాలు సుంకం కింద కట్టి వ్యాపారం చేసుకోండని సుల్తాను బంగారు ఫర్మానా ఇస్తే అదే మహాభాగ్యమనుకున్నారు. 1611లో దిగినవాడు రాజు కాదండి, అర్జీదారు. ఆనాటి సంబంధాన్ని 1759లో ఇంగ్లీషువాళ్లు బందరు కోట పట్టిన తర్వాతి కళ్లద్దాలతో చూసి, మన పూర్వులను మొదటి రోజు నుంచీ బాధితులుగా నిలబెట్టడం వాళ్లకు చేసే ఇంకో అన్యాయం.

రెండవవారు: అన్యాయమే, ఒప్పుకుంటాను. మా వైపు వాదించేవాళ్లు అప్పుడప్పుడు ఆ తప్పు చేస్తాం. నేతగాడు అమాయకుడు కాదు, అతనికి బేరం తెలుసు. అతని చేతిలో పడిన వెండి గురించి మాత్రం ఒక మాట. అందులో కొంత జపాను గనులది, చాలా భాగం దక్షిణ అమెరికాలోని పొటోసీ కొండది. 1545లో స్పెయిన్‌వాళ్లకు ఆ కొండ దొరికింది. 1573 నుంచి అక్కడ మీతా అనే వెట్టి పద్ధతి నడిచింది. చుట్టుపక్కల జిల్లాల్లో వయసొచ్చిన మగవాళ్లలో ఏడో వంతు మంది ప్రతి ఏడూ వంతులవారీగా గనిలో దిగాలి. కొండ లోపల చీకటి, పైన పాదరసం పొగ. ఆ వెండి సెవిల్ మీదుగా ఆమ్‌స్టర్‌డామ్‌కు, అక్కడి నుంచి బందరు టంకసాలకు. ఇంకో దారిలో పసిఫిక్ దాటి మనీలాకు. ఆండీస్ కొండల్లో ఒక క్వెచువా మనిషి వెట్టికి, పాలకొల్లులో ఒక నేతగాడి కూలికి ముడి పడింది. ఇద్దరికీ ఒకరు ఉన్నట్టు ఇంకొకరికి తెలియదు. ఎవరూ ఎవరికీ కనపడని ఈ ఏర్పాటుకు కలయిక అని పేరు పెట్టడం దగ్గరే నేను ఆగిపోతున్నాను.

మొదటివారు: కనపడకపోవడం అన్యాయమైతే ఏ సంతా మిగలదు. లంబాడీ తెచ్చిన పత్తి ఏ బీదరైతు చేనుదో బందరు నేతగాడికి అదీ తెలియదు. తెలియకపోయినా పని చేసే సంబంధాలు కొన్ని ఉంటాయి. సులవేసి దీవిలో తొరాజా జనం మన దేశపు గుడ్డలను తరతరాలుగా పవిత్రంగా దాచుకున్నారు. వాళ్ల క్రతువుల్లో వాటిని బయటికి తీస్తారు. ఎవరు నేశారో వాళ్లకు తెలియదు, ఎవరు మొక్కుతున్నారో నేసినవాడికి తెలియలేదు. ఆ గౌరవం మాత్రం అబద్ధం కాదు. మిరపకాయ సంగతి చెప్పనక్కర్లేదు. అమెరికా మొక్క, పోర్చుగీసు ఓడల్లో వచ్చింది. ఏ రాజూ ఆజ్ఞ ఇవ్వలేదు, ఏ కంపెనీ గుత్తకు తీసుకోలేదు. పెరట్లో నుంచి పెరట్లోకి పాకి, గుంటూరు నేలను తనదిగా చేసుకుంది. జామ, బొప్పాయి, మొక్కజొన్న, వేరుశనగ, పొగాకు అన్నీ అలా వచ్చినవే. మన పచ్చడి జాడీలో ఉన్నది సముద్రమే. దీన్ని హింస అనలేం కదా?

రెండవవారు: అనలేం. మిరపను మీకు వదిలేస్తున్నాను, మొక్కల ప్రయాణం మీద నాకు ఫిర్యాదు లేదు. విద్య ప్రయాణం మీద ఉంది. పుదుచ్చేరిలో కూర్దూ అనే జెసూట్ గురువు ఉండేవాడు, తెలుగు బాగా వచ్చినవాడు. తాను బాప్తిస్మం ఇచ్చిన అద్దకపువాళ్లను కూర్చోబెట్టి అడిగి, కరక్కాయ నుంచి చిరివేరు దాకా మీరిందాక చెప్పిన పనంతా పూస గుచ్చినట్టు రాసుకుని 1742లో ఫ్రాన్సుకు ఉత్తరంగా పంపాడు. ఆ ఉత్తరం అచ్చయింది. చెప్పినవాళ్లకు ఏం దక్కింది? ఈలోగా అక్కడి ప్రభుత్వాలు ఏం చేశాయి? ఫ్రాన్సు 1686 నుంచి 1759 దాకా ఈ అద్దకపు గుడ్డను నిషేధించింది. ఇంగ్లండు 1701లో దిగుమతికి అడ్డం పడింది, 1721లో వాడకానికీ అడ్డం పడింది. లండనులో నేతగాళ్లు వీధుల్లో ఆడవాళ్ల ఒంటి మీది అద్దకపు బట్టలు చింపేశారు. నిషేధం నీడలో సొంత అద్దకపు పరిశ్రమ పెంచుకున్నారు. అంటే తెరిచి ఉన్న సముద్రాన్ని వాళ్లెప్పుడూ నమ్మలేదు. తమకు లాభమైనప్పుడు తెరిచారు, నష్టమైనప్పుడు మూశారు. తలుపు గడియ వాళ్ల చేతిలో ఉంది. ఆ అధికారం మన నేతగాడికి ఎన్నడూ లేదు.

కొనేవాళ్లు నలుగురుంటే నేతగాడికి ధైర్యం అన్నారు. ఆ నలుగురూ ఒకడయ్యాక? 1759లో ఇంగ్లీషు సేనాని ఫోర్డ్ దండు ఫ్రెంచివాళ్ల నుంచి బందరు కోట పట్టింది. 1765, 66లలో ఉత్తర సర్కారులు ఇంగ్లీషు కంపెనీ చేతికి వచ్చాయి. తర్వాత బయానా తిరిగి ఇచ్చే హక్కు పోయింది. మగ్గం పక్కన కంపెనీ బంట్రోతు కూర్చున్నాడు. బండాలో కొన్ని నెలల్లో చేసిన పనిని ఇక్కడ నూటయాభై ఏళ్లు తీసుకుని, రక్తం ఎక్కువ కనపడకుండా చేశారు.

మొదటివారు: మీరు చాలా దూరం వచ్చేశారు, కానీ నా దారిలోనే వచ్చారు. గమనించండి. డచ్చి కంపెనీ ఒక్కటే. దాని లాభాపేక్ష ఒక్కటే, వాటాదారులూ వాళ్లే. బండాలో అది ఊచకోత కోసింది. అదే కాలంలో బందరులో బేరమాడింది, సుంకం కట్టింది, అలిగింది, మళ్లీ వచ్చింది. జపానులో 1641 నుంచి నాగసాకి దగ్గర దేషిమా అనే చిన్న దీవి మీద, కాపలా మధ్య, గీత దాటకుండా పడి ఉంది. ఏటా ఎడో నగరానికి వెళ్లి జపాను పాలకుడైన షోగను ముందు వంగి దండం పెట్టి వచ్చింది. కూన్ వారసులే ఆ దండం పెట్టినవాళ్లు. ఓడలో వచ్చినవాడు మారలేదు, ఒడ్డున ఉన్నది మారింది. గట్టి ప్రభుత్వం ఉన్న చోట అర్జీ, లేని చోట ఫిరంగి. అలాంటప్పుడు తప్పు వ్యాపారానిది ఎలా అవుతుంది? గోల్కొండ 1687లో ఔరంగజేబు చేతిలో కూలింది, సముద్రం మీద కాదు. అంతకు ఒక్క ఏడాది ముందు, 1686లో, డచ్చివాళ్లు బాకీల పేరుతో బందరును పట్టుకున్నారంటే రాజ్యం ఎంత బలహీనపడిందో వాళ్లు పసిగట్టారన్నమాట. తగాదా పడవలసింది ఆ బలహీనతతో.

రెండవవారు: జపాను మాట మీరే తీసినందుకు సంతోషం. దాన్ని ఇటు తిప్పి చూడండి. ఒడ్డున కాపలా ఉంటేనే ఓడ మర్యాదగా ఉంటుందంటే ఆ సంబంధానికి తనంతట తనకు ఏ మంచితనమూ లేదన్నమాట. సముద్ర వ్యాపారం దూరాలను కలుపుతుంది, మనుషులను దగ్గర చేస్తుంది అనే నమ్మకం అక్కడే కూలిపోతుంది. అది ఏమీ చేయదు, కాపలా లేని చోట ఏది చేయగలదో అది చేస్తుంది.

ఇంకో సంగతి, ఆ గట్టి ప్రభుత్వం ఎవరికి కాపలా? మీర్ జుమ్లాను తీసుకోండి. ఇరాన్‌లోని ఆర్దిస్తాన్ నుంచి వచ్చి, బందరు హవల్దారై, అంటే రేవు పాలనాధికారియై, గోల్కొండలో రాజు తర్వాత రాజంతటివాడైనాడు. ఓడలు ఆయనవి, వజ్రాల గనుల కౌలు ఆయనది, శిస్తు ఆయన చేతిలో, సైన్యం ఆయన చేతిలో. బందరు నుంచి ఎవరైనా దండిగా బాగుపడ్డారంటే ఆయనే. సుల్తానుతో చెడగానే ఔరంగజేబు పక్షాన చేరి, మొఘలు దండు హైదరాబాదు మీదికి రావడానికి కారకుడయ్యాడు. కృష్ణ ఒడ్డున కొల్లూరు గనిలో 60,000 మంది పని చేస్తున్నారని ఫ్రెంచి వజ్రాల వర్తకుడు తావెర్నియే రాశాడు, ఆడవాళ్లూ పిల్లలూ కూడా మట్టి మోస్తూ. ఇవాళ ఆ ఊరు పులిచింతల జలాశయం అడుగున ఉంది. అక్కడ దొరికిన రాళ్లు రాజుల ఖజానాలకు వెళ్లాయి. తట్ట మోసిన మనిషికి ఏ కాపలా దొరికింది?

మొదటివారు: దొరకలేదు. నేను దాన్ని వాదించను. అయితే మీరు కూడా ఒకదానికి జవాబు చెప్పాలి. ఓడ రాని చోట ఆ తట్ట మోసిన మనిషి, ఆ నేతగాడు, ఇంకాస్త బాగా బతికాడా? తెలంగాణ లోపలి ఊళ్లలో సముద్రం పేరు కూడా విననివాళ్ల మీద అదే ఇజారా, అదే కరువు. సముద్రం దగ్గరున్నవాడికి కనీసం ఇంకో కొనుగోలుదారు ఉన్నాడు.

రెండవవారు: బాగా బతకలేదు. లోపలి ఊరు స్వర్గమని నేను చెప్పలేదు, చెప్పను. సముద్రం మూసెయ్యాలనీ చెప్పను. తీరంలో నేతగాడికి కొన్ని తరాల పాటు లోపలివాడి కంటే ఎక్కువ గింజలు దక్కి ఉండవచ్చు, అది చిన్న విషయం కాదు. నా ప్రశ్న బాగా బతకడం గురించి కాదు, వద్దు అనగలగడం గురించి. బందరు నేతగాడు 1650లో బయానా వద్దనగలిగాడు, 1780లో అనలేకపోయాడు. బండావాళ్లు వద్దన్నందుకే చచ్చారు. కత్రెయిన్‌ను ఎవరూ అడగనే లేదు. ఒక సంబంధం మంచిదో చెడ్డదో కొలవడానికి నా దగ్గర ఉన్న కొలబద్ద ఇదొక్కటే.

మొదటివారు: మంచి కొలబద్దే. దానితో కొలిస్తే 1600 నుంచి 1680 దాకా బందరు నిలబడుతుంది.

రెండవవారు: బందరు నిలబడుతుంది, బందరు గుడ్డ వెళ్లిన దారి నిలబడదు.

మొదటివారు: ఆ దారి మొత్తానికి నేసినవాణ్ణి జవాబుదారు చేస్తారా?

రెండవవారు: నేసినవాణ్ణి కాదు, ఇవాళ దాని గురించి చెప్పుకునే మనల్ని. ఐరోపా మ్యూజియాల్లో కోరమాండల్ అద్దకపు గుడ్డలు అద్దాల వెనక ఉన్నాయి. పక్కన చీటీ మీద ఏముంటుంది? నూలు, చిరివేరు, నీలిమందు, కోరమాండల్ తీరం, ఫలానా శతాబ్దం. ఆ చీటీలో జాజికాయ ఉండాలంటాను. పొటోసీ ఉండాలి. అదే రేవు నుంచి ఎక్కించిన మనుషులు ఉండాలి.

మొదటివారు: ఉండనివ్వండి, నాకేం అభ్యంతరం లేదు. కానీ చీటీ నిండా అవే ఉంటే చూడటానికి వచ్చిన పెడన అమ్మాయి అందులో తన ముత్తాతలను హంతకుల సరఫరాదారులుగా మాత్రమే చదువుకుంటుంది. పటిక ఎంత పాళ్లలో కలపాలో, ఏ నీళ్లలో జాడిస్తే ఎరుపు విచ్చుకుంటుందో తెలిసిన మనిషిగా చదువుకోదు. ముందు ఆ చెయ్యి, తర్వాత ఆ దారి. వరస నేను మార్చను.

రెండవవారు: నేను మారుస్తాను. కేప్‌లోని స్నైమన్ల అమ్మాయి కూడా ఆ అద్దం ముందుకు వస్తుంది. ఆమెకు మీ వరసలో తన వంతు వచ్చేసరికి చీటీ అయిపోతుంది.

మొదటివారు: అయితే పెద్ద చీటీ రాద్దాం.

రెండవవారు: రాద్దాం, మొదటి వాక్యం ఎవరిదో తేలాక.